హార్వర్డ్ పరీక్ష నెగ్గినా పట్టా దక్కని మనస్తత్వవేత్త మేరీ కాల్కిన్స్

1895 మే నెలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కొందరు 32 ఏళ్ల అధ్యాపకురాలు మేరీ విటన్ కాల్కిన్స్‌కు పీహెచ్‌డీ స్థాయి మౌఖిక పరీక్ష పెట్టారు. అర్హతలన్నీ ఉన్నాయని ఏకాభిప్రాయంతో తేల్చి, ఆ సంగతి విశ్వవిద్యాలయానికి తెలియజేశారు. హార్వర్డ్ మాత్రం పట్టా ఇవ్వలేదు. అడ్డొచ్చిన కారణం ఒక్కటే, ఆమె మహిళ కావడం. పదేళ్లు తిరిగేసరికి అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి ఆమె అధ్యక్షురాలయ్యారు.

గ్రీకు పాఠాల నుంచి మనస్తత్వశాస్త్రానికి

కాల్కిన్స్ 1863 మార్చి 30న కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి చర్చి బోధకుడు. స్మిత్ కాలేజీలో ప్రాచీన భాషలు, తత్వశాస్త్రం చదివిన ఆమె 1887లో మసాచుసెట్స్‌లోని వెల్స్‌లీ మహిళా కళాశాలలో గ్రీకు బోధకురాలిగా చేరారు. మనస్తత్వశాస్త్రం అప్పుడప్పుడే తత్వశాస్త్రం నుంచి విడివడి, ప్రయోగశాలల్లో సొంతంగా ఎదుగుతోంది. ఏడాది పాటు ఆ శాస్త్రం చదివొస్తే బోధించే అవకాశం ఇస్తామని కళాశాల చెప్పింది.

ఎక్కడ చదవాలన్నదే సమస్య. దగ్గర్లోని హార్వర్డ్‌లో మహిళలకు ప్రవేశం లేదు. విలియం జేమ్స్, జోసయా రాయిస్ ఆమెను తమ తరగతుల్లోకి తీసుకోవడానికి సిద్ధపడ్డా, అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ అభ్యంతరం చెప్పారు. ఆమె తండ్రి, వెల్స్‌లీ కళాశాల కలిసి విన్నవించడంతో 1890లో అనుమతి వచ్చింది. అయితే విద్యార్థినిగా నమోదు చేయరాదన్నది షరతు. జేమ్స్ తరగతిలో తక్కిన విద్యార్థులు ఒక్కొక్కరే తప్పుకోవడంతో చివరికి ఆమె ఒక్కరే మిగిలారు. ఆయన ప్రసిద్ధ గ్రంథం ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ’ వెలువడింది కూడా ఆ ఏడాదే. రచయిత దగ్గరే కూర్చుని దాన్ని చదివే అవకాశం ఆమెకు దక్కింది.

కలలు, రంగులు, అంకెలు

మరుసటి ఏడాది వెల్స్‌లీలో ఆమె మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పారు. అమెరికా మహిళా కళాశాలల్లో అదే మొదటిది. క్లార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్మండ్ శాన్‌ఫర్డ్‌తో కలిసి కలలపై పరిశోధన చేశారు. రాత్రిపూట అలారం పెట్టుకుని లేచి, గుర్తున్న కలను అప్పటికప్పుడు రాసుకునేవారు. కలల్లో కనిపించే మనుషులు, చోట్లు, సంఘటనలు చాలావరకు మెలకువలోని జీవితం నుంచే వస్తాయని 1893లో ప్రకటించారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఫ్రాయిడ్ తన కలల గ్రంథంలో ఈ వ్యాసాన్ని ప్రస్తావించారు.

ఆమె పేరు నిలబెట్టింది మాత్రం హార్వర్డ్‌లో హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ ప్రయోగశాలలో చేసిన జ్ఞాపకశక్తి పరిశోధన. ఒక రంగు, దాని వెంటనే ఒక అంకె చొప్పున వరుసగా చూపించేవారు. తర్వాత రంగులు మాత్రమే చూపించి, ఏ రంగుకు ఏ అంకె జతో చెప్పమనేవారు. కొట్టొచ్చినట్టు కనిపించే జత కంటే, పదేపదే ఎదురైన జతే ఎక్కువగా గుర్తుంటుందని తేలింది. ఈ జతల పద్ధతిని జ్ఞాపకశక్తిని కొలవడానికి ఇప్పటికీ వాడుతున్నారు.

వద్దన్న పట్టా

మహిళలకు డాక్టరేట్ ఇవ్వడం అప్పటికే ఇతర చోట్ల మొదలైంది. 1894లో కార్నెల్ విశ్వవిద్యాలయం మార్గరెట్ వాష్‌బర్న్‌కు మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ ఇచ్చింది. హార్వర్డ్ మాత్రం మెట్టు దిగలేదు. 1902లో హార్వర్డ్ అనుబంధ మహిళా కళాశాల రాడ్‌క్లిఫ్, కాల్కిన్స్‌తో పాటు మరో ముగ్గురికి డాక్టరేట్ ఇవ్వజూపింది. తీసుకోమని మున్‌స్టర్‌బర్గ్ నచ్చజెప్పినా ఆమె కాదన్నారు. తాను చదివింది, పరిశోధన చేసింది హార్వర్డ్‌లో కాబట్టి, దానికి పట్టా మరో సంస్థ ఇవ్వడం సరికాదన్నది ఆమె వాదన. పట్టా ఉంటే పనులు సులువవుతాయని ఒప్పుకుంటూనే నిరాకరించారు.

పట్టా లేకపోయినా ఆమె ఎదుగుదల ఆగలేదు. 1903లో జేమ్స్ కాటెల్ సహ శాస్త్రవేత్తల అభిప్రాయాలతో రూపొందించిన 50 మంది మనస్తత్వవేత్తల జాబితాలో ఆమెది 12వ స్థానం. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు, 1918లో అమెరికన్ ఫిలసాఫికల్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలయ్యారు. రెండింటికీ ఆమే తొలి మహిళా అధ్యక్షురాలు.

సిద్ధాంతపరంగా ఆమెది ‘స్వీయ మనస్తత్వశాస్త్రం’. ప్రతి అనుభూతీ ఎవరో ఒకరిది, ఆ వ్యక్తిని పక్కనపెట్టి అనుభూతిని అర్థం చేసుకోలేమని ఆమె వాదించారు. ప్రవర్తనను మాత్రమే అధ్యయనం చేయాలన్న ప్రవర్తనావాదం పుంజుకున్నాక ఈ ఆలోచనకు ఆదరణ తగ్గినా, ఆమె దాన్ని వదల్లేదు.

1927లో హార్వర్డ్‌లో చదివిన పలువురు మనస్తత్వవేత్తలు, తత్వవేత్తలు ఆమెకు పట్టా ఇవ్వాలని విశ్వవిద్యాలయాన్ని కోరారు. మళ్లీ తిరస్కరణే ఎదురైంది. 1929లో వెల్స్‌లీ నుంచి పదవీ విరమణ చేసిన కాల్కిన్స్, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. రాడ్‌క్లిఫ్ విద్యార్థినులు హార్వర్డ్ పట్టాలు అందుకోవడం 1963లో మొదలైంది. కాల్కిన్స్‌కు రావాల్సిన పట్టా మాత్రం ఆమె మరణానంతరం కూడా రాలేదు.