సోమవారం లోపు

1996 అక్టోబర్ 2, బుధవారం. అమెరికాలోని ఆస్టిన్. లైట్ బాక్స్ మీద ఎక్స్‌రే వెలుగుతోంది. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తుల నిండా తెల్లటి ముద్దలు. ఎదురుగా ఉన్న కుర్రాడికి పాతికేళ్లు. పేరు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1993 సైక్లింగ్ ప్రపంచ చాంపియన్. కుడి వృషణం వాస్తే సైకిల్ సీటు రాపిడేలే అనుకున్నాడు. దగ్గితే నెత్తురు పడ్డాక గానీ భయం వేయలేదు.

వృషణ క్యాన్సర్. తెల్లారేసరికి ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. వాచినదాన్ని తీసేశారు. గండం అక్కడితో గడవలేదు.

సోమవారం కీమో మొదలు. ఆ తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. వీర్యం దాచుకోవాలంటే ఈలోపే.

పెళ్లే కాలేదు. బతుకుతాడో లేదో తెలీదు. ఇప్పుడు పిల్లల గొడవా?

కీమో మందుకు తన పర భేదం ఉండదు. వేగంగా విభజన చెందే కణం ఏది దొరికినా కొడుతుంది. వృషణం రేయింబవళ్లు నడిచే కార్ఖానా. ఒక్క శుక్రకణం తయారు కావడానికే సుమారు 74 రోజులు. గట్టి జ్వరం తగిలితేనే రెండు మూడు నెలలు శుక్రకణాల కౌంట్ పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. కీమో దెబ్బ మూలకణాలకే తగిలితే లేవకపోనూ వచ్చు. అసలు ఈ క్యాన్సరే చాలామందిలో ముందుగా కౌంట్‌ను తినేస్తుంది. దాచుకోవడానికి ఏమైనా మిగిలిందా?

పచ్చి పుండు. శాన్ ఆంటోనియో దాదాపు 130 కిలోమీటర్లు. కుట్లు సలుపుతుంటే, ఊపిరితిత్తుల్లో గడ్డలతో, ఎన్నడూ ఊహించని పని మీద, సిగ్గూ భయమూ కలిసి గొంతు దాకా వస్తుంటే, ప్రపంచ చాంపియన్ ఓ స్పెర్మ్ బ్యాంక్ మెట్లెక్కాడు. తలుపు మూసుకుంది. శాంపిల్ లిక్విడ్ నైట్రోజన్‌లోకి వెళ్లింది. మైనస్ 196 డిగ్రీలు.

సోమవారం కీమో ఎక్కింది. ఆ వెంటనే స్కాన్‌లో ఇంకో పిడుగు. మెదడులో రెండు గడ్డలు.

చికిత్స ఇండియానా యూనివర్సిటీకి మారింది. వృషణ క్యాన్సర్ చికిత్సకు పెట్టింది పేరు. 1970ల్లో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌తో ఈ జబ్బు తలరాత మార్చింది అక్కడే. మామూలుగా వాడే బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బతికితే సైకిల్ తొక్కాల్సినవాడు కదా! దాని బదులు ఐఫాస్ఫమైడ్ ఎక్కించారు. ఊపిరి మిగులుతుంది. సంతానం సంగతి మాత్రం మరింత సందేహమే.

డిసెంబర్‌కి కీమో ముగిసింది. బతికాడు. 1998లో క్రిస్టిన్‌తో పెళ్లి. గడ్డకట్టిన శాంపిల్ కరిగించారు. ఐవీఎఫ్. పట్టింది!

1999 జులై 25. పారిస్‌లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అప్పటికే భార్య గర్భవతి. డ్రగ్స్ వాడకం తేలి 2012లో టూర్ టైటిళ్లన్నీ ఊడిపోయాయి, అది వేరే కథ. 1999 అక్టోబర్ 12న కొడుకు పుట్టాడు. 2001లో కవల ఆడపిల్లలు. ముగ్గురూ ఆ శాన్ ఆంటోనియో దారిన వచ్చినవాళ్లే.

విడాకులయ్యాయి. ఏళ్లు గడిచాయి. 2008 డిసెంబర్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ తండ్రి కాబోతున్నాడన్న వార్త వచ్చింది. ఈసారి బ్యాంక్ లేదు, ఐవీఎఫ్ లేదు. పన్నెండేళ్ల కింద చచ్చిపోయిందనుకున్న కార్ఖానా ఎప్పుడు లేచిందో తెలీదు గానీ, లేచింది. 2009 జూన్‌లో బాబు. మరుసటి ఏడాది పాప.