‘జగమే మాయ’: ఒక విషాదగీతము, కొండసీమ తెలుగువారు

‘దేవదాసు’ చలనచిత్రము 1953వ సంవత్సరము జూను 26వ తేదీన విడుదలయినది. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఈ రెంటికిని సంబంధ మేమియు లేదు. అయినను రాయగడ, గుణుపురము, కోరాపుట్టు, జయపురము తెలుగువారికి ఈ రెంటిలో ఏది దక్కినదని యెవరైన నడిగినచో మొదటిదే యని చెప్పవలసి వచ్చును. రాష్ట్రము మనవరకు రాలేదు. ఆ చిత్రములోని ‘జగమే మాయ’ యను పాట మాత్రము ఘాటుదారి నెక్కి వచ్చి, మన యిండ్లలో కాపురముండి, నేటికిని కదలకున్నది. ఒక్క చలనచిత్రగీతము డెబ్బది యేండ్లకు పైగా ఇట్లు నిలుచుటకు కారణమేమి యని విచారించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

మొదట మన సీమను గూర్చి రెండు మాటలు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీవరకు ఈ ప్రాంతము చెన్నరాజధానిలోని విశాఖపట్టణము ఏజెన్సీలో భాగము. ఆనాడు ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా కోరాపుట్టు జిల్లా అందు చేరినది. రాయగడ 1992వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన ప్రత్యేక జిల్లా అయినది. సరిహద్దు మారినంతమాత్రమున సంబంధములు తెగిపోలేదు. జయపుర ప్రభువు విక్రమదేవవర్మ తాను తెలుగున పండితుడు, కవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాత. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము రాయగడను పార్వతీపురముతోను, బొబ్బిలితోను కలిపినది. సాలూరునుండి సుంకిఘాటు మీదుగా పొట్టంగి, కోరాపుట్టులకు వచ్చు దారి అంతకు పూర్వమే కలదు. సరకులును, చుట్టములును, పాటలును ఈ రెండు దారులనే మనకు చేరినవి.

ఇక పాట కథ. దేవదాసు పాత్ర పుట్టినది వంగదేశమున. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుల నవల 1917లో వెలువడినది. 1935లో న్యూ థియేటర్సు వారు దానిని చిత్రముగా తీయగా, హిందీ చిత్రమున సైగల్ నటించి పాడిన పాటలు దేశమంతటను మ్రోగినవి. తెలుగున వినోదా సంస్థ పక్షమున డి. ఎల్. నారాయణ దానిని నిర్మించెను. దర్శకులు కూచిపూడి భాగవత సంప్రదాయమున పెరిగిన వేదాంతం రాఘవయ్య. దేవదాసుగా అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగా సావిత్రి నటించిరి. తమిళమునను అదే సంవత్సరము చిత్రము వెలువడినది. ఈ పాట తమిళరూపమును గూడ ఘంటసాలయే పాడెను. ఇట్లు వంగదేశపు కథ చెన్నపట్టణమున రూపొంది, రెండు భాషల వారికి ఒక్క గొంతుతో వినిపించినది.

పాటను వ్రాసినవారెవరు? చిత్రమున పేరు సముద్రాల రాఘవాచార్యులది. అయితే ‘దేవదాసు’ పాటలలో మల్లాది రామకృష్ణశాస్త్రి చేయి కలదను మాట సాహిత్యరంగమున చిరకాలముగా వినవచ్చుచున్నది. ఇరువురును 1960వ దశాబ్దిలోనే గతించిరి. ఇరువురును దీనినిగూర్చి వీధికెక్కి వాదించుకొన్నవారు కారు. వరుస విషయమునను ఇట్టి చిక్కే కలదు. సంగీతదర్శకుడు సి. ఆర్. సుబ్బరామన్ తిరునల్వేలి ప్రాంతపు తెలుగు కుటుంబమున జన్మించినవాడు. అనగా మనవలెనే తెలుగునాటికి వెలుపల తెలుగు నిలుపుకొన్నవారి బిడ్డ. చిత్రము పూర్తికాకమునుపే, 1952లో, చిన్నవయస్సున ఆయన మరణించెను. మిగిలిన సంగీతమును ఆయన సహాయకులైన విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేసిరి. ‘జగమే మాయ’ వరుస వారి చేతనే రూపొందినదని చెప్పువారును కలరు.

ఈ వాదములను తీర్చుట నా ఉద్దేశము కాదు. ఒక్క సంగతి మాత్రము గమనింపదగియున్నది. పాట వ్రాసినది ఫలానివారని గట్టిగా తెలియకున్నను, వరుస కట్టినది ఫలానివారని తేలకున్నను, పాడుకొనువారికి కొరత కలుగలేదు. తత్త్వములు, మేలుకొలుపులు, కోతపాటలు మన జనులలో నిలిచిన తీరును ఇదియే గదా.

పాడినవారి విషయమున మాత్రము సందేహము లేదు. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరి, ఇంటింట మధూకరమెత్తి కడుపు నింపుకొనుచు మహారాజావారి సంగీత కళాశాలలో చదివెను. అచ్చట ఆయనకు విద్యాదానము చేసిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. శాస్త్రిగారిది సాలూరు. ‘సాలూరి చినగురువుగారు’ అనియే వారిని లోకము పిలిచినది. రాగము భావమునకు లోబడవలెను గాని భావము రాగమునకు లోబడరాదనునది వారి బాణి. సాలూరు మన కొండల పాదమున నున్న ఊరు. కోరాపుట్టునుండి దిగిన బండి మొదట ఆగు తెలుగుపట్టణము. అందుచేత ‘జగమే మాయ’ లోని గొంతు మనకు పరాయిది కాదు. ఆ గొంతునకు నుడికారము దిద్దిన చేయి మన పొరుగుదే.

ఇక పాటలోని విషయము. చిత్రమున ఇది ప్రేమ విఫలమై, మధువునకు లోబడి, దేహము శిథిలమైనవాడు పాడు పాట. నాటి పెద్దలు కొందరు దీనిని మెచ్చలేదు. మద్యనిషేధము అమలులోనున్న చెన్నరాష్ట్రమున త్రాగుబోతుచేత వేదాంతము చెప్పించుట తగునా యని వారి ఆక్షేపణ. ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. విషాదమును వ్యసనమునకు అలంకారముగా చేయు పాటలు తరువాతి కాలమున ఎన్నో వచ్చినవి. గడ్డము పెంచి, శాలువ కప్పి, కుక్కను వెంటబెట్టుకొనిన వానిని ‘దేవదాసు’ అని ఎగతాళి చేయుట ఊరూర వాడుకయైనది. ఒక కథానాయకుని పేరు సామాన్యనామమగుట కీర్తియు కావచ్చును, దిగజారుటయు కావచ్చును.

కాని పాటను చిత్రమునుండి వేరుచేసి వినుడు. అందు మధువు ప్రసక్తి లేదు. పార్వతి పేరు లేదు. కలిమిలేములను కావడి యందలి కుండలతో పోల్చుట కలదు. ఆశను, మోహమును దూరముంచుమను బోధ కలదు. తుదకు ‘ఎరుక’ యను మాట కలదు. ఈ మూడును చలనచిత్రము కనిపెట్టినవి కావు. మాయ, కావడి, ఎరుక: ఇవి తత్త్వముల భాష. ఏకతార మీటుచు సాధువులును, రాత్రులందు భజనగోష్ఠులలో రైతులును తరతరములుగా పాడుకొన్న మాటలు. చావు జరిగిన ఇంట తెల్లవారువరకు తత్త్వములు పాడుట మన పల్లెలలో మొన్నమొన్నటివరకు కలదు. అట్టి చెవులకు ‘జగమే మాయ’ కొత్తపాటగా వినబడలేదు. తాము ఎరిగిన తత్త్వమునకు మరియొక చరణముగా వినబడినది. నా తలంపున ఈ పాట నిలుచుటకు అసలు కారణ మిదియే. విషాదగీతములు చాలవరకు పాడువాని దుఃఖమునే చెప్పి యూరకుండును. ఇది పాడువాని దుఃఖమును వినువాని దుఃఖముతో కలిపి, రెంటిని ఒక్క కావడికెత్తి చూపినది.

ఈ సీమలో పాట వ్యాపించుటకు అనువైన కాలమును కలిసివచ్చినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ప్రారంభమయినది. ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వముల ఉమ్మడి పథకమగుటచే అందు తెలుగు పనివారు అనేకులు చేరిరి. 1962లో రాయగడ చెంత కాగితపు మిల్లు వచ్చినది. ఇల్లు విడిచి వచ్చిన పనివారికి సాయంకాలము తోడు పాటయే. గుడారపు సినిమాలు, తిరునాళ్ళలో గ్రామఫోను, పిమ్మట సిలోను రేడియోవారి తెలుగు కార్యక్రమము, 1963నుండి విశాఖపట్టణము ఆకాశవాణి, ఆపై టేపురికార్డరు, నేడు చేతిలోని ఫోను: సాధనములు మారినవి, పాట మారలేదు. ఘంటసాల 1974వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన దివంగతుడయ్యెను. ఆయన గీతాలాపన లేని తెలుగువారి వర్ధంతిసభ మన పట్టణములలో నేటికిని అరుదు.

ఇచ్చట నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి చెప్పక తప్పదు. నేను అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడను. ఒకమారు పిల్లలను, ఇంటిలో పెద్దలు పాడు తెలుగుపాట నొకదానిని వ్రాసి తెమ్మని అడిగితిని. ఒక బాలిక తాతగారి నోట విన్న ‘జగమే మాయ’ను తెచ్చినది. పాట అంతయు ఉన్నది. ఒక్క మాట తప్పిపోలేదు. కాని వ్రాసినది ఒడియా లిపిలో. ఆ బిడ్డకు తెలుగు నోటికి వచ్చును, చేతికి రాదు. “మాస్టారూ, కావడి అంటే ఏమిటండి?” అని అడిగినది. ఒడియాలో ‘భార’ అందురని చెప్పితిని. ఆమె మొగము వికసించినది. సంతకు కొండవారు తెచ్చు భారమును ఆమె ప్రతివారమును చూచుచునే యున్నది.

“మరి ఎరుక అంటే?” అని పిమ్మట అడిగినది. ఆ మాటకు చూపుటకు సంతలో వస్తువు లేదు. తెలివి అన్నను చాలదు, జ్ఞానము అన్నను చాలదు. వేమనను కొంత, తత్త్వములను కొంత, ఇంటిలో అవ్వ మాటలను కొంత విన్నపుడు గాని ఆ మాట మనస్సున పడదు. ఆనాడు గంట కొట్టువరకు చెప్పితిని, చెప్పగలిగినది సగమే.

ఆ సగమే నేడు మన యెదుట నున్న ప్రశ్న. రాజ్యాంగమునకు 1956లో జరిగిన ఏడవ సవరణచే చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు విద్య గరపు సదుపాయము కలుగజేయవలెనని నిర్దేశించుచున్నది. అధికరణము కలదు, బడికి పిల్లలను పంపవలసినవారము మనము. ఒడియా మనకు అన్నము పెట్టు భాష, ఇరుగుపొరుగు భాష. దానిని పిల్లలు చక్కగా నేర్చుట మేలే. తెలుగును విడుచుట మాత్రము దానికి వెల కానక్కరలేదు. చెవిన విన్న పాట ఒక తరము నిలుచును, ఒకవేళ రెండు తరములు నిలుచును. చదువనేర్చిన పాట ఆపైని నిలుచును.

కావున సంఘసభ్యులకు నాదొక చిన్న మనవి. మీ యింట పెద్దలు పాడు పాటలను, సినిమాపాట యని చిన్నచూపు చూడక, తత్త్వమో, జోలపాటయో, ‘జగమే మాయ’యో, మీ పిల్లలచేత తెలుగు అక్షరములతో వ్రాయింపుడు. తప్పులు దిద్దుటకు మేమున్నాము. ఆ బాలిక మరుసటి సంవత్సరము అదే పాటను తెలుగులిపిలో వ్రాసి తెచ్చినది. ‘ఎరుక’ లోని బండి-ఱ, సాధురేఫల భేద మడిగినది కాదు గాని, ఆ మాట క్రింద గీత గీసి, “ఇది ఇంకా పూర్తిగా తెలియలేదు” అని వ్రాసినది. ఆ కాగితమును నేను దాచియుంచితిని.