బడులు మూయని నగరం: 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలపు న్యూయార్క్

1918 శరదృతువులో ఇన్‌ఫ్లుయెంజా అమెరికా నగరాలను చుట్టుముట్టినప్పుడు వాటిలో అత్యధిక భాగం పాఠశాలలను మూసివేయగా, న్యూయార్క్, షికాగో వంటి కొన్ని మాత్రమే తెరిచి ఉంచాయి. దాదాపు పది లక్షల మంది బడిపిల్లలున్న న్యూయార్క్‌లో ఈ నిర్ణయం కొందరికి సాహసంగా, మరికొందరికి మొండితనంగా తోచింది కానీ, దాని మూలాలు పదహారేళ్ల వెనుక జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఉన్నాయి.

1897 నుంచి ఆ నగర ఆరోగ్యశాఖ వైద్యులు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షించేవారు. అంటురోగ లక్షణాలున్నవారిని ఇంటికి పంపివేయడంతో వారి పని ముగిసేది. ట్రకోమా (కనురెప్పల లోపలి పొరను గరుకెక్కించి, నిర్లక్ష్యం చేస్తే చూపునే పోగొట్టే అంటువ్యాధి), తలలో పేలు, గజ్జి వంటి కారణాలతో అలా బయటపడిన పిల్లలు చికిత్స అందక, వీధుల్లో తోటివారితో ఆడుకుంటూనే రోజులు గడిపేవారు. బడి శుభ్రపడేది, జబ్బు మాత్రం వాడలో తిరుగుతూ ఉండేది. పేదవాడల్లో ఇంటింటికీ నర్సులను పంపే హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ స్థాపకురాలు లిలియన్ వాల్డ్ చొరవతో, 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడులలో నెల రోజుల ప్రయోగంగా పని ప్రారంభించారు. చిన్న రుగ్మతలకు బడిలోనే మందు వేసి, తక్కిన పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులకు సంరక్షణ పద్ధతులు నేర్పే ఈ ఏర్పాటును నగరం త్వరలోనే విస్తరించింది. 1902 సెప్టెంబరులో బడినుంచి పంపివేసిన పిల్లలు 10,567 మంది కాగా, మరుసటి ఏడాది అదే నెలలో ఆ సంఖ్య 1,101కి పడిపోయింది. 1908లో డాక్టర్ సారా జోసఫిన్ బేకర్ నాయకత్వాన ఏర్పడిన బాలారోగ్య విభాగం ఈ పనిని నగరవ్యాప్తం చేసింది.

అందువల్ల 1918లో ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్లాండ్, బేకర్ ఎదుట నిలిచిన ప్రశ్న బడి ప్రమాదకరమా కాదా అన్నది కాదు, బడి మూస్తే పిల్లలు చేరుకునే చోటు అంతకన్నా సురక్షితమా అన్నది. వారిలో ఎక్కువమంది నివాసం టెనెమెంట్లలో, అంటే గాలీ వెలుతురూ సరిగా చొరబడని గదులను కుటుంబాలకు అద్దెకిచ్చే బహుళ అంతస్తుల భవనాలలో. పిల్లలు బడి బయట గుమిగూడకుండా నేరుగా తరగతికి రావాలనీ, ఉపాధ్యాయులు ప్రతి ఒక్కరినీ గమనించాలనీ, లక్షణాలు కనబడినవారిని వేరుచేసి ఆరోగ్యశాఖ వారు ఇంటికి చేర్చాలనీ, అక్కడ విడిగా ఉంచే వసతి లేకుంటే ఆసుపత్రికి తరలించాలనీ నియమాలు ఏర్పడ్డాయి.

విమర్శ తీవ్రంగానే వచ్చింది, అది నిరాధారమూ కాదు. యుద్ధం వైద్యులనూ నర్సులనూ సైన్యంలోకి లాక్కుపోయిన సమయంలో, కాగితం మీది పర్యవేక్షణ తరగతి గదిలో ఎంతవరకు జరుగుతుందన్న అనుమానానికి నగరపాలకులు తృప్తికరమైన జవాబు ఇచ్చారని చెప్పడం కష్టం. బడులు మూసిన శాన్‌ఫ్రాన్సిస్కోలో వివాదం మరో దారి పట్టింది: నవంబరు 25న అక్కడ పాఠశాలలు తిరిగి తెరుచుకున్నాయి కానీ, 1919 జనవరిలో మాస్కు నిబంధనను మళ్లీ విధించగానే దానికి వ్యతిరేకంగా ఒక సంఘమే వెలసింది; ఫిబ్రవరి 1న ఆ నిబంధన తొలగిపోయింది.

ఫలితాలను పోల్చడానికి తరువాతి చరిత్రకారులు లెక్కగట్టిన అదనపు మరణాలు, అనగా మామూలు సంవత్సరాలకన్నా ఎక్కువగా సంభవించినవి, లక్ష జనాభాకు న్యూయార్క్‌లో 452, బోస్టన్‌లో 710, బడులు మూసిన ఫిలడెల్ఫియాలో 748. ఈ అంకెల ఘనతను బడులకే కట్టబెట్టడం తొందరపాటు అవుతుంది. వ్యాధి నివేదనను న్యూయార్క్ సెప్టెంబరులోనే తప్పనిసరి చేసింది. అక్టోబరు మొదటి వారంలో దుకాణాలు, కార్యాలయాలు, నాటకశాలల వేళలను అంచెలుగా మార్చి రైళ్లలో రద్దీని చీల్చింది. ఆ మహమ్మారి ప్రత్యేకించి ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయస్కులను బలిగొన్నందున, ప్రాణాల లెక్కలో, ఎక్కువ వాదోపవాదాలకు గురైన బడుల నిర్ణయం కన్నా పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ వేళల మార్పే ముఖ్యమైనదై ఉండవచ్చు.