రొయ్యల చెఱువులు – ఊరిబావులు

భూమి చేతులు మాఱుటయే గ్రామచరిత్రమని పెక్కండ్రు తలఁతురు. బావినీటి రుచి మాఱుటయుఁ జరిత్రమే.

1990 తరువాత నెల్లూరు మొదలగు తీరమండలములలో వరిమళ్లు పెక్కులు రొయ్యల చెఱువు లాయెను. జపాను, అమెరికా, యూరపు దేశముల భోజనశాలలకు టైగరు రొయ్యను బంపుట మిక్కిలి లాభకరమయ్యెను. 1994–95లో తెల్లమచ్చ తెగులు వ్యాపింపఁగా లాభము పోయెను. ఉప్పు మాత్రము నిలిచెను. ఉప్పునీరూరి బావులు చెడెను, కూలీలకుఁ బని తఱిగెను, జాలరులకుఁ గడలిదారి మూసికొనెను. మేము పాఠములు చెప్పిన యొక గ్రామమున బాలికలు నీటికై పొరుగూరికిఁ బోయి బడికి జాగుగా వచ్చెడివారు.

గాంధేయవాది జగన్నాథన్ గారి యభ్యర్థనముపై 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు, తీరనియంత్రణ మండలములోని చెఱువులను, సంప్రదాయపద్ధతివి తప్ప, తొలగింపవలయుననియు, పని కోల్పోవువారికిఁ బరిహార మీయవలయుననియుఁ దీర్పు చెప్పెను. 2005లో పార్లమెంటు చట్టముచేసి యనుమతిపద్ధతి నేర్పఱచెను. 2009లో పసిఫిక్ తీరపు వెనామీ రొయ్య రాఁగాఁ జెఱువులు మఱల విస్తరిల్లెను. 2025లో అమెరికా సుంకము పెంచఁగా నిచ్చటి ధరలు పడెను. వెల నిర్ణయించువా రెచ్చటనో యుందురు. ఉప్పునేల మన యింటిముంగిట నుండును.

మనలోఁ జెఱువులు గలవా రున్నారు. వారి దానముతో విద్యార్థివసతులు నడచుటయు నెఱుఁగుదుము. వారిని నిందింపము. ఎగుమతి లెక్కలో రొయ్యతూకము గలదు, చెడిన బావి లేదు. ఆ బావినిఁ గూడ లెక్క వ్రాయుఁడని మాత్రము ప్రార్థించుచున్నాము.