కావేరి లంకలు - రంగనతిట్టు

రంగనతిట్టు పేరు వినగానే మా పిల్లలు నవ్వినారు. ఎవరు ఎవరిని తిట్టినారని వారి సందేహం! కన్నడంలో తిట్టు అంటే మెరక, దిబ్బ. శ్రీరంగపట్టణం దాపున కావేరి నడుమ చెట్లు కమ్మిన ఆరు చిన్న లంకలివి.

1645-48 సంవత్సరాల మధ్య మైసూరు ప్రభువు కంఠీరవ నరసరాజ ఒడయరు ఇక్కడ ఆనకట్ట కట్టించినాడు. ఆయన కోరినది నీరు. ఆ నీరు నిలిచి లంకలేర్పడగా కొంగలు వచ్చి గూళ్ళు పెట్టినవి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ చెప్పిన మీదట 1940లో మైసూరు సంస్థానం వారు దీనిని రక్షితస్థలం చేసినారు. 2022లో ఇది రామ్‌సర్ జాబితాకెక్కినది.

మేము పడవలో పోతూ బండమీద మొసలిని, చెట్లపై నత్తగుల్ల కొంగలను, తెడ్డుమూతి కొంగలను, ఎర్రకాళ్ళ కొంగలను చూచినాము. ఈ ఎర్రకాళ్ళ జాతియే మన చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఊరి చెట్లమీద గూళ్ళు కడుతుంది. అక్కడివారు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూస్తారు.

ఇక్కడ భయం వరదవల్లనే. ఎగువనున్న కృష్ణరాజసాగరం గేట్లెత్తగా 2018, 2019లలో లంకలు మునిగినవి. నీటివల్ల కుదిరిన కాపురానికి నీరే గండం. పొట్టకూటికై ఏటిగట్టుల ఊళ్ళు విడిచి వచ్చిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఉగాది నాటికి గూళ్ళలో పిల్లలుంటవి. వెళ్ళే సోదరులు పడవలో తమ పిల్లలను కేకలు వేయనీయవద్దని మా మనవి.