మూసిన పాత్రలోని ఒత్తిడి: సూదంటురాయి సాక్ష్యము



అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచి చెప్పవచ్చునని మన పెద్దలందురు. ఆ మాట మూత తీయదగిన కుండకు చెల్లును. మూత తీయరాని పాత్ర యొకటి యున్నదనుకొనుడు. అందు ఆవిరియో, మరియొక వాయువో బిగించియున్నది. మూత తీసినచో లోపలిది వెలికి పోవును. లేదా మూత తీసినవానినే బలిగొనును. అట్టి పాత్రలో ఒత్తిడి ఎంత యున్నదో తెలిసికొనుట యెట్లు? ఈ ప్రశ్నకు మానవుడు మూడున్నర శతాబ్దములకు పైగా వెదకిన సమాధానములను, అందు సూదంటురాయి చేసిన సాయమును నేడు మీకు మనవి చేసెదను.

ఒత్తిడిని కొలువవచ్చునని మొదట స్పష్టముగా చూపినవాడు ఇటలీ దేశీయుడగు టారిచెల్లి. గాజు గొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలిపినచో, అది పూర్తిగా దిగిపోక సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచియుండును. బయటి గాలి బరువే దానిని నిలుపుచున్నదని అతడు 1644లో ఒక లేఖలో వివరించెను. ఆ గాలి ఒత్తిడినే మనము ఒక వాయుభారమందుము.

తరువాత ఫ్రాన్సు దేశీయుడగు డెనీ పాపిన్ 1679లో బిగువైన మూతగల వంటపాత్ర నొకదానిని లండనులోని రాయల్ సొసైటీవారికి చూపెను. అందు ఎముకలు సైతము మెత్తబడెను. నేడు మన యిండ్లలో కూతవేయు కుక్కరునకు అదియే మూలపురుషుడు. పాత్ర పగులునను భయమున పాపిన్ మూతకొక రంధ్రము చేసి, దానిపై బిరడ నుంచి, బిరడపై ఒక కమ్మిని, కమ్మి చివర ఒక తూనికరాతిని వ్రేలాడదీసెను. ఆవిరి ఆ బరువును ఎత్తగలిగినంతనే బయటికి పోవును. ఇది రక్షణయే కాక కొలత కూడ. ఎంత బరువు లేచినదో లెక్కించినచో లోపలి ఒత్తిడి ఎంతయో తెలియును గదా.

ఆవిరియంత్రములు వచ్చిన పిదప ఈ కొలత ప్రాణములతోడి పని యయ్యెను. ఇంగ్లండులో ట్రెవితిక్ అను యంత్రనిర్మాత అధిక పీడనముతో నడచు యంత్రములను చేసెను. 1803లో గ్రీనిచ్ వద్ద అట్టి దొకటి ప్రేలి ప్రాణనష్టము కలిగెను. ఆవిరి పోవలసిన ద్వారమును పోనీయకుండ ఉంచుటయే అందులకు కారణము. ఆ తరువాత ట్రెవితిక్ తన యంత్రములకు ఒక రక్షకద్వారమునకు మారు రెండింటిని, అధిక తాపమునకు కరగిపోవు సీసపు బిరడను అమర్పసాగెను.

పాదరసపు గొట్టముతో ఆవిరి ఒత్తిడిని కొలువరాదా యని మీ రడుగవచ్చును. కొలువవచ్చును. కాని ఒక్కొక్క వాయుభారమునకు 760 మిల్లీమీటర్ల ఎత్తు కావలెను. పది వాయుభారముల ఒత్తిడికి ఏడున్నర మీటర్లకు పైబడిన గాజుగొట్టము నిలుపవలెను. కదలు రైలుబండిపై అది సాధ్యమా? ఈ చిక్కును 1849లో పారిసు నగరవాసి యూజీన్ బూర్డన్ విడదీసెను. నలిగి వంకరతిరిగిన గొట్టమొకదానిని సరిచేయుటకు నీటి ఒత్తిడి నెక్కింపగా అది తనంత తాను విప్పుకొనెనట. దానినుండి అతనికి ఆలోచన పుట్టెను. కొడవలివలె వంచిన చదునుగొట్టము, దాని కొనకు ఒక ముల్లు. లోపల ఒత్తిడి హెచ్చినకొలది గొట్టము విప్పుకొనును, ముల్లు జరుగును. నేటికిని ధాన్యపు మిల్లులలోను, గాలికొట్టు యంత్రములపైనను గడియారమువలె కనబడు గుండ్రని సాధనములు పెక్కు ఆ జాతివే.

ఇంతటితో కథ ముగిసినదని లోకము తలచెను. కాని ముగియలేదు. 1863లో కలకత్తా నగరమున ఆవిరి కాగు, అనగా బాయిలరు, ప్రేలి పలువురు మరణించిరి. మరుసటి యేడు వంగదేశమున బాయిలరుల తనిఖీకై చట్టము చేసిరి. 1923లో దేశమంతటికి ఒక చట్టము వచ్చెను. 2025లో దాని స్థానమున క్రొత్తది చేసిరి. 1865 ఏప్రిలు 27వ తేదీ రాత్రి అమెరికాలో మిస్సిసిపీ నదిపై, మెంఫిస్ నగర సమీపమున, సుల్తానా అను ఆవిరి ఓడ ప్రేలిపోయెను. 376 మందికి అనుమతిగల ఆ ఓడలో రెండువేల మందికి పైగా ఎక్కియుండిరి. వారిలో అధికులు యుద్ధము ముగిసి చెరనుండి విడుదలై యిండ్లకు మరలుచున్న సైనికులు. వేయిమందికి పైగా అగ్నికిని జలమునకును ఆహుతి యైరి. కొలదిదినములకు ముందే దాని బాయిలరు రేకు ఉబ్బినచోట, అసలు రేకుకంటె పలుచని రేకును త్వరత్వరగా అతికియుండిరి.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. దానిని నాకు తొలుత తెలిపినది పుస్తకము కాదు. నా బాల్యమున మా యూరి చేరువ ఉప్పుడు బియ్యపు మిల్లు ఒకటి యుండెడిది. ఏటేట బాయిలరు చల్లార్చి శుభ్రము చేయునప్పుడు అచ్చటి వృద్ధుడొకడు చిన్న సుత్తితో రేకులపై మెల్లగా తట్టుచు చెవి యొగ్గి వినుచుండెడివాడు. “తాతా, ముల్లు ఉంది గదా, సుత్తెందుకు?” అని నేనడిగితిని. “ముల్లు లోపలి ఆవిరి సంగతి చెప్తుంది బాబూ. రేకు సంగతి రేకునే అడగాలి” అని అతడు పలికెను. తర్కశాస్త్రము చదివిన పిమ్మట కూడ ఇంతకంటె సూటియైన వాక్యమును నేను వినియుండలేదు.

అతని మాటకు లెక్క చెప్పెదను. ఒక మీటరు వ్యాసము, 10 మిల్లీమీటర్ల మందముగల ఉక్కు కాగులో, చదరపు సెంటీమీటరునకు 10 కిలోల ఒత్తిడి యున్నదనుకొనుడు. ఆ ఒత్తిడి గోడను చుట్టును సాగదీయును. గోడలో ప్రతి చదరపు సెంటీమీటరుపై పడు లాగుడు 500 కిలోలు. తుప్పుచేత గోడ మందము 5 మిల్లీమీటర్లకు తగ్గినచో లాగుడు 1000 కిలోలగును. కాని ముల్లు మాత్రము మునుపటివలె 10 చూపుచునే యుండును! ముల్లు అబద్ధమాడలేదు, మనము అడుగవలసినదానిని అడుగలేదు.

మరి గోడను అడుగుటెట్లు? గోడకు రంధ్రము చేసినచో ఆ రంధ్రమే బలహీనత యగును, కారుటకు మార్గమగును. తాకక, తొలువక తెలిసికొను ఉపాయము కావలెను. ఇచ్చట సూదంటురాయి రంగమున ప్రవేశించుచున్నది.

సూది సూదంటురాయి దరికి ప్రాకుటకు అదృష్టము కారణమని కణాదమహర్షి వైశేషిక సూత్రములలో చెప్పెను. అదృష్టమనగా ఇచ్చట లాటరీ తగులు భాగ్యము కాదు; కంటికి కానరాని హేతువని గ్రహింపవలెను. ఆ కానరాని శక్తి నడవడిని ప్రయోగములతో పరిశీలించినవాడు ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం గిల్బర్టు. అతని గ్రంథము 1600లో వెలువడెను. వెల్లుల్లి పూసిన సూదంటురాయి శక్తి నశించునను వాడుకను అతడు పరీక్షించి త్రోసివేసెను. ఈ శక్తి కఱ్ఱను, రాతిని, ఇతర లోహములను దాటిపోవునని, ఇనుప రేకు మాత్రము దానికి అడ్డు నిలుచునని చూపెను.

నేను బడిలో పిల్లలకు ఈ సంగతిని రాగిచెంబుతో చూపుచుండెడివాడను. చెంబులో నీరు పోసి, సూదంటురాతిపై రుద్దిన సూదిని బెండుముక్కపై తేలనిచ్చి, వెలుపల రాయిని త్రిప్పినచో లోపల సూది తిరుగును. చెంబునకు బదులు ఇనుప డబ్బాను తీసికొన్నచో సూది మందకొడి యగును. మీ మనుమలకు దీనిని చూపుడు, ఖర్చేమియు లేదు.

ఈ ప్రయోగమే పరికరమైనది. పాత్ర లోపల ఒత్తిడికి వంగు పలుచని పొరకు చిన్న సూదంటురాయిని అమర్తురు. పాత్ర గోడను ఇత్తడితోగాని, అయస్కాంతమున కంటని తుప్పుపట్టని ఉక్కుతోగాని చేయుదురు. పొర కదలిన లోపలి రాయి కదలును. దానితో వెలుపలి ముల్లు కదలును. గోడకు చిల్లు లేదు. పెద్ద గ్యాసు తొట్లలో ద్రవము ఎంత మిగిలినదో చూపు ముల్లు కూడ ఈ విధముగనే తేలుబిరడతో, సూదంటురాతితో పనిచేయును. ప్రసంగవశమున ఒక మాట: మన వంటగ్యాసు సిలిండరులో ద్రవము ఉన్నంతవరకు ఒత్తిడి వేడిమిని బట్టి యుండునే కాని మిగిలిన సరుకును బట్టి యుండదు. కావున ఒత్తిడిని చూచి సరుకెంత యున్నదో చెప్పరాదు.

కాని మన వృద్ధుని ప్రశ్న ఇంకను మిగిలియున్నది. రేకు సంగతి రేకునే అడుగవలె గదా. ఇనుమును అయస్కాంతముగా మార్చినచో దాని పొడవు లవలేశము మారునని ఇంగ్లండులో జూల్ 1842లో ప్రకటించెను. దానికి ప్రతిగా, ఇనుమును లాగినను నొక్కినను దాని అయస్కాంత గుణము మారునని ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు ఎమీలియో విల్లారీ కనిపెట్టెను. అతడు దానిని వెల్లడించినది 1865లో. సుల్తానా మునిగినదియు ఆ యేటనే! ఒకచోట రేకు చెప్పలేక పగిలినది. మరొకచోట రేకునకు మాట యున్నదని ఒకడు కనుగొనెను. ఒకరి సంగతి యొకరికి తెలియదు.

ఇనుములో కంటికి కానరాని చిన్నచిన్న మండలములున్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క సూదంటురాయి. ఈ భావమును పియర్ వైస్ 1907లో ప్రతిపాదించెను. లాగుడు కలిగినపుడు ఆ మండలములు ఒక దిక్కునకు తిరుగుట సులభమగును, మరియొక దిక్కునకు కష్టమగును. ఇనుప గొట్టము చుట్టు రెండు తీగచుట్టలను చుట్టి, ఒకదానిలో దిశ మారుచుండు విద్యుత్తును పంపినచో, ఫారడే 1831లో చూపిన నియమము ననుసరించి రెండవదానిలో విద్యుత్తు పుట్టును. లోపలి ఒత్తిడిచేత గొట్టము సాగినపుడు ఆ రెండవ విద్యుత్తు మారును. గోడయే ముల్లు, గోడయే సాక్షి.

ఈ సాక్షికిని లోపములున్నవి. వేడిమిచేత కూడ ఇనుము గుణము మారును; సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఇనుము సూదంటురాతికి లోబడుటయే మానును. అతుకులలో, వంపులలో పూర్వమే యున్న లాగుడు కూడ లెక్కలో చేరును. కావున తెలిసిన ఒత్తిడి నెక్కించి, ఎంతకు ఎంత మారినదో ముందుగా గుర్తించుకొనవలెను. అంగడిలోని తూనికరాళ్లకు ముద్ర వేయించినట్లే ఇదియు.

పొంగు ఒత్తిడి మాత్రమే కాదు, దాదాపు శూన్యమైన పాత్రలోని స్వల్పాతిస్వల్పమగు ఒత్తిడిని కూడ సూదంటురాయి చెప్పగలదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయమున జెస్సీ బీమ్సు ఉక్కుగుండును అయస్కాంతశక్తిచే గాలిలో నిలిపి త్రిప్పు పనిని సాధించెను. దానినుండి పెరిగిన సాధనమున 4.5 మిల్లీమీటర్ల గుండు, మూసిన గొట్టములో దేనిని తాకక నిలిచి, క్షణమునకు సుమారు 400 చుట్లు తిరుగును. పిమ్మట త్రిప్పుట మాని విడిచిపెట్టుదురు. లోపల మిగిలిన అణువులు గుండునకు తగిలి దానిని మెల్లగా నెమ్మదింపజేయును. ఎంత నెమ్మదించినదో వెలుపలి తీగచుట్టలు వినును. వాయుభారములో నూరు కోట్లవ వంతు ఒత్తిడి సైతము ఇట్లు తెలియును. మన బొంగరము ఆగిపోవుటలో గాలికిని పాలున్నదని మనమెరుగుదుము. దానిని లెక్కపెట్టవచ్చునని తోచినది మాత్రము వారికి.

శ్రోతలారా! ఇంత కథ చెప్పినది ఆశ్చర్యము కొరకు కాదు. మీలో మిల్లులు గలవారున్నారు. ఆవిరితో పనిచేయు బిడ్డలు గలవారున్నారు. ముల్లు ఎఱ్ఱగీతకు ఈవల నున్నదని నిశ్చింతగా నుండవలదు. ఏటి తనిఖీని తప్పింపవలదు. కుక్కరు బరువుపై మరియొక బరువు పెట్టనీయకుడు. గ్యాసు సిలిండరు ఇంటికి వచ్చినపుడు దాని మెడ పట్టీలపై ఒక అక్షరమును, రెండంకెలను చూడుడు. ఏ యన్నచో జనవరి మొదలు మార్చి వరకు, బి యన్నచో జూన్ వరకు, సి యన్నచో సెప్టెంబరు వరకు, డి యన్నచో డిసెంబరు వరకు; అంకెలు సంవత్సరము. ఆ సిలిండరు గోడను మరల పరీక్షింపవలసిన గడువది. గడువు దాటినదానిని పుచ్చుకొనక త్రిప్పి పంపుడు. మా యూరి మిల్లులోని వృద్ధుడు సుత్తితో అడిగిన ప్రశ్నను మీరు ఆ అక్షరము చూచి అడిగినవారగుదురు.