భాను కామిక్ రికార్డులు: ఢాకా యాసకు దక్కిన మూడు నిమిషాలు

భాను బంద్యోపాధ్యాయ్ (1920–1983) బెంగాలీ హాస్యనటుడు. తెలుగువాళ్లకు ఈ పేరు పెద్దగా పరిచయం లేకపోవచ్చు కానీ ఆయన కథ ఒకటి బాగా తెలుసు. 1958లో ఆయన ప్రధాన పాత్రలో వచ్చిన ‘జమాలయే జీవంత మానుష్’ ఆధారంగానే సి.పుల్లయ్య 1960లో ఎన్టీఆర్‌తో ‘దేవాంతకుడు’ తీశారు. బతికున్న మనిషి యమలోకానికి వెళ్లి అక్కడి వాళ్లను ముప్పుతిప్పలు పెట్టడమనే ఆ ఊహే 1977లో ‘యమగోల’గా మళ్లీ వచ్చింది.

భాను సినిమాల్లోకి వచ్చింది 1947లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1943లో, ఆయన తొలి హాస్య రికార్డు విడుదలైంది. పేరు ‘ఢాకార్ గాడోయాన్’, అంటే ఢాకా జట్కావాలా. ఢాకాలో గుర్రపు బండ్లు తోలే కుట్టిలనే వాళ్లుండేవారు. మాటకు మాట అప్పజెప్పడంలో వాళ్లకు పెట్టింది పేరు. బేరం తక్కువ చేసి అడిగిన పెద్దమనిషిని ఒక్క మాటతో నోరు మూయించే రకం. సయ్యద్ ముజ్తబా అలీ లాంటి రచయితలు కూడా వాళ్ల చమత్కారం గురించి రాశారు. ఆ గొంతును, ఆ యాసను భాను కలకత్తాకు తెచ్చారు.

హాస్యం రికార్డుకెక్కడం ఆయనతో మొదలు కాలేదు. ద్విజేంద్రలాల్ రాయ్ ‘హాసిర్ గాన్’ పేరిట నవ్వు పాటలు అప్పటికే రాసి ఉన్నారు. నజ్రుల్ ఇస్లాం గ్రామఫోన్ కంపెనీకి రాసిన వేల పాటల్లో హాస్యగీతాలూ ఉన్నాయి. యుద్ధకాలపు కలకత్తా అవస్థల మీద యశోదా దులాల్ మండల్ పాట పాడారు. నవద్వీప్ హల్దార్ తన బొంగురు గొంతుతో చిన్న చిన్న హాస్య సన్నివేశాలు చేశారు. తర్వాతి కాలంలో మింటూ దాస్‌గుప్తా హిట్ పాటలకు పేరడీలు కట్టారు.

78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది. ఆ మూడు నిమిషాల్లో పాత్రలు పరిచయం కావాలి, గొడవ మొదలవ్వాలి, రికార్డు తిప్పేదాకా వినేవాడు ఆగాలి. ముఖం కనిపించదు, చేతులు కనిపించవు. కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారో యాసను బట్టే తెలియాలి. సినిమాలో యాస నటుడికి అదనపు హంగు. రికార్డులో మాత్రం మనిషిని గుర్తుపట్టేదే దానితో. అందుకే ఈ రికార్డులను సినిమా కామెడీకి తోకగా చూడటం పొరపాటు.

ఆ యాస వెనుక బరువైన చరిత్ర ఉంది. భాను పుట్టింది ఢాకా దగ్గరి విక్రమ్‌పూర్‌లో. చిన్నప్పుడు విప్లవకారుడు దినేశ్ గుప్తా వెంట తిరిగారు. ఢాకాలో శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్‌కు ఇష్టమైన విద్యార్థి. 1941లో ఊరు విడిచి కలకత్తా చేరారు. ఆరేళ్లకు దేశ విభజన జరిగింది. తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది శరణార్థులుగా వచ్చారు. వాళ్లను స్థానికులైన ‘ఘోటి’లు ‘బాంగాల్’ అని వెక్కిరించేవారు. మాట మోటు, మనిషి అమాయకుడు అన్నది ఆ వెక్కిరింపు సారాంశం.

భాను అదే యాసను దాచుకోకుండా మైకు ముందు పెట్టారు. ఆయన పాత్ర అమాయకంగా మొదలెట్టి, చివరికి ఎదుటివాడినే ఇరుకున పెడుతుంది. నవ్వులపాలయ్యేది ఎక్కువసార్లు దర్జాగా మాట్లాడే పట్నం బాబే. ఇక్కడే మన అనుభవం గుర్తుకొస్తుంది. తెలుగు సినిమా దశాబ్దాల పాటు తెలంగాణ యాసను, ఉత్తరాంధ్ర యాసను పనివాళ్లకు, రౌడీలకు, హాస్యగాళ్లకు కేటాయించింది. ఆ యాస మాట్లాడేవాడు గెలిచిన సన్నివేశాలు అరుదు. యాస మీద నవ్వడానికీ, యాసతో నవ్వించడానికీ ఎంత దూరమో భాను రికార్డులు వింటే తెలుస్తుంది.

అలాగని అన్నీ మెచ్చుకోదగ్గవేమీ కావు. గయ్యాళి పెళ్లాం, భయపడే మొగుడు లాంటి అరిగిపోయిన సరుకు ఆ కాలపు హాస్య రికార్డుల్లో చాలానే ఉంది. ‘కర్తాబాబుర్ దేశ్‌భ్రమణ్’, ‘హనుమానేర్ నగర్ దర్శన్’ వంటివి మాత్రం ఇప్పటికీ నిలిచాయి. ఆయన జంట నటుడు జహర్ రాయ్ కూడా ‘న్యాపాసుర్ వధ్’, ‘ఫంక్షన్ థేకే శ్మశాన్’ వంటి సొంత రికార్డులు చేశారు. 1971లో ఇద్దరి పేర్లతోనే ‘భాను గోయెందా జహర్ అసిస్టెంట్’ సినిమా వచ్చింది.

ఈ రికార్డులకు అసలు సీజన్ దుర్గాపూజ. హెచ్‌ఎంవీ ఏటా పూజకు కొత్త రికార్డులు వదిలి, ‘శారద్ అర్ఘ్య’ పేరుతో పుస్తకం వేసేది. అందులో ఆధునిక గీతాల పక్కనే హాస్యానికీ చోటుండేది. కొనలేనివాళ్లకు పందిరి మైకు ఉండనే ఉంది. ఉత్తర కలకత్తా బనేదీ ఇళ్ల నుంచి దక్షిణాన రేవును ఆనుకున్న ఖిదిర్‌పూర్, ఏక్‌బాల్‌పూర్ వీధుల దాకా పూజ పందిళ్ల మైకులు మోగేవి. ఉర్దూ, హిందీ, బెంగాలీ కలగలిసి వినిపించే పేటలివి. పక్కనే గార్డెన్ రీచ్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండటంతో అక్కడ తెలుగు కుటుంబాలూ స్థిరపడ్డాయి. వచ్చినవాళ్ల యాసలతో నిండిన ఇలాంటి పేటల్లో ఢాకా జట్కావాలా కష్టం ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెలుగు రికార్డులకూ ఈ నగరంతో సంబంధం ఉంది. గ్రామఫోన్ కంపెనీ 1908లో సియాల్దాలో, తర్వాత దమ్‌దమ్‌లో ఫ్యాక్టరీ నడిపింది. మద్రాసులో పాడిన మన పద్యాలు, నాటకాలు రికార్డులుగా అచ్చయి వచ్చింది దమ్‌దమ్ నుంచే.

1960ల చివర బెంగాలీ నటుల సంఘం చీలిపోయింది. ఆ గొడవల్లో భానుకు సినిమా అవకాశాలు తగ్గాయి. ఆయన జాత్రా వైపు మళ్లి, సొంత బృందంతో ఊరూరా తిరిగారు. రికార్డులు మాత్రం ఆగలేదు. 78ల నుంచి ఎల్‌పీలకు, అక్కడి నుంచి క్యాసెట్లకు మారాయి. 2024లో ఆయన జీవితంపై ‘జమాలయే జీవంత భాను’ సినిమా వచ్చింది. అందులో భానుగా శాశ్వత ఛటర్జీ నటించారు.